సైకిలు వారంటీ: కార్డు ఎంతవరకు, చట్టం ఎక్కడినుంచి

పిల్లాడికి గేర్ల సైకిలు కొన్నారనుకోండి. ఎనిమిది వేలో పది వేలో అయింది. మూడు నెలలు తిరక్కుండానే ఎడమవైపు క్రాంకు, అంటే పెడలు బిగించి ఉండే కడ్డీ, ఊగడం మొదలుపెట్టింది. ఓ రోజు స్కూలు నుంచి వస్తుంటే పెడలుతో సహా ఊడి రోడ్డు మీద పడింది. ఏడాది వారంటీ ఉంది కదా అని షాపుకి వెళ్తే, అక్కడ వినిపించే మాటలు శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా ఇంచుమించు ఒకటే. "ఇది వారంటీలోకి రాదు మాస్టారూ." గట్టిగా అడిగితే, "కంపెనీకి పంపిస్తే నెల పడతాది, ఒప్పుకుంటారో లేదో తెల్దు." అయినా కదలకపోతే, "ఆరొందలు ఇచ్చీయండి, కొత్తది ఇప్పుడే బిగించీస్తాను."

మొదటి మాట సగమే నిజం. రెండోది షాపుకీ కంపెనీకీ మధ్య ఉన్న వ్యవహారం, దాన్ని కొన్నవాడి నెత్తిన పెట్టకూడదు. మూడోది బేరం. ఆరొందల కోసం ఎవడు తిరుగుతాడని చాలామంది ఒప్పేసుకుంటారు, కొన్నిసార్లు అదే తెలివైన పని కూడా. కానీ పోయింది క్రాంకు కాకుండా ముందు ఫోర్కో ఫ్రేమో అయితే ఆ బేరం వేలల్లోకి వెళ్తుంది. ఎవరి బాధ్యత ఎంతవరకో తెలియకపోతే కౌంటరు అవతల మనిషి చెప్పిందే చట్టం అయిపోతుంది.

నన్నడిగితే ఈ తగాదాల్లో జనం ఓడిపోయేది చట్టం దగ్గర కాదు. భాగం ఎందుకు పాడయిందనే ఒక్క ప్రశ్న దగ్గర. ఆ ప్రశ్నకి జవాబు చాలావరకు విరిగిన ముక్కలోనే ఉంటుంది. మనమేమో దాన్ని కనీసం ఫొటో కూడా తీయకుండా షాపులో పెట్టేసి, "చూసి ఫోన్ చెయ్యండి" అని వచ్చేస్తాం.

కార్డు వేరు, చట్టం వేరు

వారంటీ కార్డు కంపెనీ తనంతట తాను ఇచ్చే మాట. ఎన్నాళ్లు, ఏ భాగాలకి, ఏ షరతుల మీద అన్నది వాళ్లిష్టం. మామూలుగా ఫ్రేముకి ఎక్కువ కాలం, మిగతా భాగాలకి ఆర్నెల్లో ఏడాదో ఇస్తారు. టైర్లు, ట్యూబులు, బ్రేకు షూలు, కేబుళ్లు, చైను ఎలాగూ అరిగిపోయేవి కాబట్టి పక్కన పెట్టేస్తారు. తుప్పుని పక్కన పెట్టేస్తారు. మొదట కొన్నవాళ్లకే చెల్లుతుందంటారు, వ్యాపారానికి వాడితే చెల్లదంటారు. భాగం మారుస్తాం గానీ కూలి, రవాణా మీవే అంటారు. ఇవన్నీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి, అదీ ఎక్కువగా ఇంగ్లిషులో. కొన్నరోజు ఎవరూ చదవరు.

షాపువాళ్లు "వారంటీలోకి రాదు" అన్నప్పుడు ఈ కార్డు సంగతే చెప్తున్నారు. అక్కడితో కథ అయిపోయిందన్నట్టు మాట్లాడతారు. అయిపోదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ఇంకా అమల్లోనే ఉంది. ఒక రకం సరుకు అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్నవాడి దగ్గర ఆ సరుకు కొంటే, అది మార్కెట్లో చెల్లే నాణ్యతతో ఉండాలన్న షరతు ఆ అమ్మకంలోనే ఇమిడి ఉంటుంది. కార్డు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ షరతు ఉంటుంది. కొనేటప్పుడు చూసి, చూస్తే కనబడే లోపం అయితే మాత్రం తర్వాత అడగలేం. రిమ్ము మీద గీత గురించి మర్నాడు గొడవ పెట్టుకుంటే నిలవదు. ఇరుసు లోపలి లోపం గురించి నిలుస్తుంది.

దీనిపైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ఇది 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చి 1986 చట్టం స్థానం తీసుకుంది. ఇందులో లోపం అంటే చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, వ్యాపారి చెప్పుకున్న దాని ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యతలో, ప్రమాణంలో ఉన్న ఏ లోటైనా. కార్డు ఏం చెప్తుంది అన్నది అందులో ఒక ముక్క మాత్రమే.

తేడా ఎక్కడ తగులుతుందో చూడండి. కార్డు "మొదట కొన్నవారికే" అంటుంది. చట్టం మాత్రం కొన్నవాళ్ల అనుమతితో వాడేవాళ్లని కూడా వినియోగదారులుగానే చూస్తుంది. నాన్న కొంటే కూతురు తొక్కుతోంది, పడి దెబ్బ తగిలింది, ఆ అమ్మాయి కూడా వినియోగదారే. కార్డు "వ్యాపారానికి చెల్లదు" అంటుంది. చట్టం కూడా వ్యాపార అవసరాలకి కొన్నవాళ్లని బయట పెడుతుంది గానీ, తన పొట్టకూటి కోసం సొంతంగా చేసుకునే పనికి కొనుక్కుంటే అది ఆ లెక్కలోకి రాదని అక్కడే వివరణ ఇచ్చింది. కళింగపట్నం నుంచి చేపలు తెచ్చి వీధుల్లో అమ్ముకునే మనిషి సైకిలు, తెల్లారకముందే పాలు పోసే మనిషి సైకిలు, ఇవన్నీ వినియోగదారుల సైకిళ్లే. పది సైకిళ్లు కొని అద్దెకి తిప్పేవాడి సంగతి వేరు.

ఇక బిల్లు కింద అచ్చేసి ఉండే "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న వాక్యం. అదే ఆఖరి మాటని మనం అనుకుంటాం. 2019 చట్టం 2(47) సెక్షన్ చూస్తే, లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. రంగు నచ్చలేదని వెనక్కిస్తే ఆ వాక్యం పనిచేస్తుంది, లోపం ఉన్న సరుకు విషయంలో పనిచేయదు.

అయితే చట్టం మనవైపు ఉంది కదా అని కార్డుని తీసిపారేయకండి. కార్డు గడువులో ఉంటే అడగడం తేలిక, షాపు కూడా పెద్దగా వాదించదు. గడువు దాటాక చట్టం మీద ఆధారపడాలంటే, లోపం మొదటినుంచీ ఉందని మనమే చూపించుకోవాలి. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముక్కని చదవడం

ఎడమ క్రాంకునే తీసుకుందాం, ఎక్కువ తగాదాలు దాని చుట్టూనే. పాత నల్ల సైకిళ్లలో క్రాంకుని ఇరుసుకి కోటరు పిన్ను కొట్టి బిగించేవాళ్లు. ఇప్పటి గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఇరుసు కొసలు నలుచదరంగా, చివరికి సన్నబడుతూ ఉంటాయి. క్రాంకుకి అదే ఆకారంలో రంధ్రం ఉంటుంది. బోల్టు బిగించేకొద్దీ అల్యూమినియం క్రాంకు ఉక్కు ఇరుసు మీదికి ఎక్కి గట్టిగా కూర్చుంటుంది. దానికి సుమారు 40 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. అంటే 20 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బరువు వేలాడదీసినంత బలం. కొత్త సైకిలైతే కొన్నిరోజులు తొక్కాక మరోసారి బిగించాలి, ఎందుకంటే అల్యూమినియం కాస్త సర్దుకుంటుంది.

ఎడమ పెడలు మీద వేసే బలమంతా ఆ నలుచదరం గుండా వెళ్తేనే కుడివైపు పళ్లచక్రానికి అందుతుంది. బోల్టు చాలినంత బిగించకపోతే ప్రతి తొక్కుకీ ఉక్కు మూలలు మెత్తని అల్యూమినియాన్ని కాస్తకాస్త తినేస్తాయి. చివరికి నలుచదరం రంధ్రం మూలలు పోయి గుండ్రబడుతుంది. ఊడొచ్చిన క్రాంకు తిప్పి రంధ్రంలోకి చూడండి. మూలలు నలిగిపోయి, ఇరుసు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే బోల్టు వదులుగా ఉండగా తొక్కారని అర్థం.

కంపెనీ మనిషి ఇదే చూపించి "వదులుగా ఉన్నా అలాగే తొక్కేశారు, మీ తప్పే" అంటాడు. చాలామంది ఇక్కడే నోరు మూసుకుంటారు. కానీ అసలు ప్రశ్న ఆ తర్వాతే ఉంది: వదులుగా బిగించింది ఎవరు? సైకిలు బిగించి ఇచ్చింది షాపు. నెల తిరిగాక ఉచిత సర్వీసుకి తెమ్మని, మీరు తీసుకెళ్తే "అన్నీ టైట్ చేసేశాం" అని పంపింది షాపు. అరిగిన రంధ్రం మన నిర్లక్ష్యానికి ఎంత సాక్ష్యమో, వాళ్ల బిగింపు లోటుకీ అంతే సాక్ష్యం. ఏ వైపు మొగ్గుతుందన్నది ఉచిత సర్వీసుకి తీసుకెళ్లినట్టు కాగితం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. కిర్రు కిర్రుమంటోందని ముందే చెప్పినట్టు వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఉన్నా చాలు. చెప్పకుండా రెండు నెలలు అలాగే తొక్కితే మాత్రం కంపెనీ మాటకి బలం వస్తుంది, అది ఒప్పుకోవాలి.

పెడలు మరలు పోయిన కేసు ఇంకోరకం. ఎడమ పెడలు మరలు అన్ని బోల్టుల్లా ఉండవు, తిరగబడి ఉంటాయి, అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. ఇది తెలియని కుర్రాడెవడో కుడి పెడలు తెచ్చి ఎడమ క్రాంకులో బలంగా తిప్పేస్తే, ఉక్కు పెడలు అల్యూమినియం మరల్ని అడ్డంగా కోసేస్తుంది. పెడలు మరల మధ్య వెండిరంగు పొడి, సన్నని చుట్టలు ఇరుక్కుని కనబడతాయి. పెడలు కాస్త వాలి ఉంటుంది. ఇది తయారీ లోపం కాదు, బిగించిన చేతిది. బిగించింది షాపయితే షాపుదే బాధ్యత. ఇంటి దగ్గర మనమే బిగించుకుని ఉంటే ఎవరినీ అనడానికి లేదు.

విరిగిన భాగాల్లో మరీ స్పష్టంగా కనబడేది లోహపు అలసట. ఫోర్కు గానీ, సీటు కింద గొట్టం గానీ, క్రాంకు గానీ విరిగినచోట రెండు రకాల తలాలు ఉంటే గమనించండి. ఒకవైపు నున్నగా, మసకబారి, మట్టి పట్టి, సన్నని వంపు గీతలతో ఉంటుంది. మిగతాది గరుకుగా, తాజాగా మెరుస్తూ ఉంటుంది. మొదటి భాగంలో పగులు చాలా రోజులుగా నెమ్మదిగా పాకింది, రెండో భాగం ఆఖరి క్షణంలో ఒక్కసారిగా తెగింది. ఎక్కడో గుద్దడం వల్ల ఒక్క దెబ్బకి విరిగితే ఆ పాత మసక భాగం ఉండదు. "ఎక్కడో కొట్టేసుంటారు" అన్న వాదనకి ఇంతకంటే మంచి జవాబు లేదు. అయితే పగులు పాకడానికి కారణం వెల్డింగు లోపమా, రోజూ మోసిన అధిక బరువా అన్నది ఆ గీతలు చెప్పవు. పగులు సరిగ్గా వెల్డింగు అంచున మొదలైతే అనుమానం తయారీ మీదికి వెళ్తుంది.

గుద్దుకున్న సైకిలు కూడా దాక్కోదు. ముందునుంచి తగిలితే ఫోర్కు వెనక్కి వంగుతుంది. హ్యాండిల్ కింద గొట్టానికి వెనక, కింది గొట్టం అడుగున పెయింటు ముడతలు పడి పగులుతుంది. అలాంటి ముడతలు ఉన్న ఫ్రేముతో వారంటీ అడిగితే కంపెనీ మనిషి ఒక్క చూపుకి తేల్చేస్తాడు. అక్కడ వాదించి లాభం లేదు.

బరువు సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. క్యారియరు ఉంటే గ్యాస్ సిలిండరు కట్టకుండా ఉండలేం. లోపల గ్యాస్ 14.2 కిలోలు, బండతో కలిపి 30 కిలోల దాకా అవుతుంది. 25 కిలోల బియ్యం బస్తా సరేసరి. సన్నటి గేర్ల సైకిలుకి బయట కొనిపెట్టించిన క్యారియరు మీద ఇవి మోస్తే వెనక స్పోక్సు ఒకటి తర్వాత ఒకటి తెగుతాయి, కంపెనీ అధిక బరువంటుంది. సైకిలుతో వచ్చిన పుస్తకంలో గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. పోట్లాటకి వెళ్లేముందు అది చూసుకుని వెళ్లడం మంచిది. అలాగే సముద్రపు గాలి. భావనపాడు, బారువ, కోనాడ వైపు ఉన్నవాళ్లకి చైను, నట్లు వానాకాలం ఒక్కటి దాటేసరికి ఎర్రబడతాయి. తుప్పుని కార్డు ఎలాగూ ఒప్పుకోదు, అక్కడ నూనె డబ్బా తప్ప వేరే దారి లేదు.

బిగించిన చేయి ఎవరిది

సైకిలు ఫ్యాక్టరీ నుంచి పూర్తిగా తయారై రాదు. లూధియానా నుంచి వచ్చినా చెన్నై నుంచి వచ్చినా సగం విప్పిన స్థితిలో పెట్టెలో వస్తుంది. హ్యాండిలు, పెడళ్లు, ముందు చక్రం, బ్రేకులు ఇక్కడ బిగించాల్సిందే. అందుకే ఈ సరుకులో తయారీ లోపం, బిగింపు లోపం ఎప్పుడూ పెనవేసుకుని ఉంటాయి. షాపు కంపెనీని చూపిస్తుంది, కంపెనీ షాపుని చూపిస్తుంది. కొన్నవాళ్లు ఆ తగువు తీర్చాల్సిన పని లేదు. ఫిర్యాదులో ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టవచ్చు.

ఆన్‌లైన్‌లో కొంటే ఇది ఇంకాస్త ముదురుతుంది. పెట్టె ఇంటికొస్తుంది, వీధి చివర మెకానిక్కుకి నాలుగొందలిచ్చి బిగించుకుంటాం. ఏదైనా పోతే "అధీకృత మెకానిక్కు బిగించలేదు కాబట్టి చెల్లదు" అని జవాబొస్తుంది. బిగింపుకి సంబంధం లేని భాగం పోతే, అంటే ఫ్రేము వెల్డింగు పగిలితే, వెనక హబ్బులో, అంటే చక్రం నడిమి భాగంలో, లోపలి పళ్లు జారితే, ఆ మాట అతకదు. అదే రాసి అడగండి. పెడలు మరలో, హ్యాండిలు బిగింపో అయితే వాళ్ల మాటలో పస ఉంటుంది. అమ్మిన వేదిక తప్పించుకునే దారి కూడా పెద్దగా లేదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అమ్మకందారు ఎవరో ఆ వివరాలూ చూపించాలి.

దెబ్బ తగిలితే లెక్క మారిపోతుంది. ఉత్పత్తి వల్ల మనిషికి గాయమైతే 2019 చట్టంలో ఆరో అధ్యాయం కింద ఉత్పత్తి బాధ్యత అని వేరే దారి ఉంది. పాడయిన వస్తువు ఖరీదు ఆ అధ్యాయం కిందకి రాదు, అది మామూలు లోపం ఫిర్యాదులోనే అడగాలి. కానీ ఫోర్కు విరిగి పళ్లు రాలాయి, చెయ్యి విరిగింది అంటే ఇది పనికొస్తుంది. 84వ సెక్షన్ తయారీదారుకి. 86వ సెక్షన్ అమ్మినవాడికి, అందులో ఒక మాట సైకిలు షాపు కోసమే రాశారా అనిపిస్తుంది: వస్తువుని జోడించడంలో, పరీక్షించడంలో, నిర్వహించడంలో తగిన శ్రద్ధ పెట్టక హాని జరిగితే అమ్మినవాడు బాధ్యుడు. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా నోటీసు అందించే వీలు లేకపోయినా కూడా అంతే. పేరూ ఊరూ లేని దిగుమతి సైకిళ్లు అమ్మే షాపులు ఇది చదువుకుంటే బాగుంటుంది. దుర్వినియోగం చేసినా, మార్పులు చేయించుకున్నా ఈ బాధ్యత పోతుందని 87వ సెక్షన్ చెప్తుంది, అది మనం చదువుకోవాల్సింది.

కంపెనీ మూతపడితే ఏమవుతుందన్నది ఊహ కాదు. 1951 నుంచి సైకిళ్లు చేసిన అట్లాస్ 2020 జూన్ 3న సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు. ఏ కంపెనీ ఇచ్చిన దీర్ఘకాలపు ఫ్రేము వారంటీ అయినా ఆ కంపెనీ నడిచినన్నాళ్లే. అలాంటప్పుడు మిగిలేది అమ్మిన షాపు, సరుకుల విక్రయ చట్టంలోని ఆ పాత 16వ సెక్షన్.

వారంటీ ఎప్పుడో అయిపోయాక కూడా భాగాన్ని ఉచితంగా మార్చే సందర్భం ఒకటుంది. లోపం మొత్తం బ్యాచ్‌లోనే ఉందని కంపెనీ ఒప్పుకున్నప్పుడు. జపాన్ కంపెనీ షిమానో 2023 సెప్టెంబరులో తన ఖరీదైన డ్యూరా-ఏస్, అల్టెగ్రా క్రాంకుల్లో 2012 జూన్ నుంచి 2019 జూన్ దాకా చేసినవాటికి ఉచిత తనిఖీ ప్రకటించింది. బోలుగా ఉండే ఆ క్రాంకు రెండు అల్యూమినియం ముక్కల్ని అంటించి చేసింది, ఆ అతుకు విడిపోతోంది. ఒక్క అమెరికాలోనే సుమారు 6,80,000 క్రాంకులు, 4,519 విడిపోయిన ఫిర్యాదులు. మన జిల్లాల్లో అంత ఖరీదు సైకిళ్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు, కానీ పాతది కొనుక్కున్నవాళ్లు ఉంటారు. క్రాంకు లోపలివైపు రెండక్షరాల తయారీ గుర్తు ఉంటుంది, చూసుకోండి.

కాగితం

సైకిలు కొన్నప్పుడు "బిల్లు లేకపోతే తగ్గిస్తాను" అన్న మాట ఇంకా వినబడుతుంది. ఇదివరకు సైకిలు మీద జీఎస్టీ 12 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. ఎనిమిది వేల సైకిలుకి పన్ను నాలుగొందలు. ఆ నాలుగొందలు మిగుల్చుకుని ఏడాది వారంటీ వదులుకోవడం ఏం బేరమో నాకు అర్థం కాదు. చిన్న షాపుకి జీఎస్టీ నంబరు లేకపోవచ్చు, అయినా తేదీ, షాపు ముద్ర, మోడలు, ఫ్రేము నంబరు ఉన్న మామూలు బిల్లు పనికొస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతే. ఇప్పటికే బిల్లు లేకుండా కొనేసి ఉంటే ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపు వివరం దాచుకోండి. తేదీ, మొత్తం, డబ్బు అందుకున్న పేరు అందులో ఉంటాయి.

ఫ్రేము నంబరు ఎక్కడుంటుందని అడిగితే చాలామందికి తెలీదు. సైకిలు తలకిందులు చేయండి. పెడళ్ల ఇరుసు వెళ్లే అడ్డగొట్టం అడుగున మామూలుగా గుద్ది ఉంటుంది. దాన్ని ఫొటో తీసి, బిల్లు మీద నంబరుతో సరిపోయిందో లేదో కొన్నరోజే చూసుకోవాలి. ఒక అంకె తప్పు పడినా తర్వాత "ఇది ఆ సైకిలు కాదు" అంటారు.

భాగం పాడయ్యాక చేయాల్సింది కూడా ఇంతే చిన్నది. విప్పకముందు సైకిలు మీద ఉండగా ఫొటోలు, విప్పాక విరిగిన తలానికి దగ్గరనుంచి ఫొటోలు, పగటి వెలుగులో. కడగొద్దు, రుద్దొద్దు, అతికించొద్దు. తర్వాత షాపుకి నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ ఇలా నాలుగు ముక్కలు రాయండి:

"ఫలానా తేదీన మీ దగ్గర కొన్న సైకిలు, ఫ్రేము నంబరు ఇది. మీరే బిగించి ఇచ్చారు, ఫలానా తేదీన ఉచిత సర్వీసు చేశారు. ఈ రోజు ఎడమ క్రాంకు ఊడిపోయింది. ఫొటోలు పంపుతున్నాను. వారంటీ కింద మార్చి ఇవ్వగలరు. వీలు కాదంటే కారణం రాసి పంపగలరు."

చివరి వాక్యమే అసలుది. నోటితో "రాదు" అనడం తేలిక, కారణం రాసి సంతకం పెట్టమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. రాస్తే మరీ మంచిది, కంపెనీకి పంపడానికీ పైకి వెళ్లడానికీ అదే ఆధారం. భాగాన్ని షాపులో వదలాల్సి వస్తే ఏ భాగం, ఏ స్థితిలో, ఏ తేదీన తీసుకున్నారో రసీదు రాయించుకోండి.

షాపువాళ్ల వైపునుంచి కూడా ఒక మాట. చిన్న ఊళ్లో సైకిలు మీద మిగిలేది పెద్దగా ఉండదు. సర్వీసు సెంటరు వందకు పైగా కిలోమీటర్ల అవతల విశాఖలో ఉంటుంది. పాడైన భాగం కంపెనీ మనిషి వచ్చినప్పుడు ఇవ్వాలి, బదులు ఎప్పుడొస్తుందో షాపువాడి చేతిలో లేదు. తన జేబులోంచి కొత్త క్రాంకు ఇచ్చేసి తర్వాత కంపెనీతో తేల్చుకునే షాపులూ ఉన్నాయి. వాళ్ల మీద కేకలు వేసేకన్నా మీ ఉత్తరం నకలు కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా పంపితే షాపుకీ పని తేలికవుతుంది.

పైకి వెళ్లాల్సి వస్తే

రెండు వారాలు చూసినా కదలిక లేకపోతే 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇది కోర్టు కాదు, ఆదేశాలివ్వదు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. పెద్ద కంపెనీలు దీనికి స్పందిస్తాయి, షాపుతో నెల తిరిగినా తెగనిది ఒక్కోసారి ఇక్కడే తెగిపోతుంది. పేరూ ఊరూ లేని బ్రాండుల దగ్గర పెద్దగా పనిచేయదు.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. శ్రీకాకుళంలో ఒకటి, విజయనగరంలో ఒకటి ఉన్నాయి. 2019 చట్టం తెచ్చిన పెద్ద సౌకర్యం ఏమిటంటే, ఫిర్యాదు చేసే మనిషి నివసించేచోటే వేయవచ్చు. ఇచ్ఛాపురంలో ఉన్నవాళ్లు బెంగళూరు అమ్మకందారు మీద శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ముందు లాయరు నోటీసు ఇవ్వాలన్న నిబంధనా లేదు, ఇస్తే మాత్రం మేలు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. సమస్య తలెత్తిన రోజునుంచి రెండేళ్లలోపు వేయాలి.

అవతలివాళ్లు నోటీసు అందాక 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ 45 రోజులు దాటితే ఇక జవాబు తీసుకోకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చి చెప్పింది. ల్యాబు పరీక్ష అక్కర్లేని కేసు 3 నెలల్లో, కావాల్సింది 5 నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. వాయిదాలు పడితే అంతకంటే ఎక్కువే పడుతుంది. పరీక్ష కావాలంటే భాగాన్ని సీలు వేసి ల్యాబుకి పంపుతారు, ఆ ఖర్చు ముందు ఫిర్యాదుదారే కట్టాలి. విరిగిన ముక్క మీ దగ్గర లేకపోతే పంపడానికి ఏమీ ఉండదు.

అందుకని ఆరొందల క్రాంకుకి కమిషన్ దాకా వెళ్లమని నేను చెప్పను. 1915తో ఆపేసి, అవసరమైతే డబ్బు పెట్టి మార్పించుకోవడం నయం. ఫ్రేము, ఫోర్కు, లేక ఎవరికైనా దెబ్బ తగిలిన కేసు అయితే వెనకాడకూడదు. ఇరవై వేలు దాటిన సైకిలుకి ఏ భాగమైనా వెళ్లవచ్చు. మధ్యలో ఉన్నవాటికి ఒక పరీక్ష ఉంది: అదే లోపం రెండోసారి వచ్చిందా? వస్తే అది ఒక క్రాంకు గొడవ కాదు, సైకిలు గొడవ. రెండుసార్లు మార్చినట్టు కాగితం ఉంటే కమిషన్ ముందు మాట గట్టిగా నిలుస్తుంది. లోపం సరిచేయించడం, వస్తువు మార్పించడం, డబ్బు వాపసు, పరిహారం, వీటన్నిటికీ కమిషన్‌కి అధికారం ఉంది.

షాపు దారికొచ్చి భాగం మారిస్తే మూడు సంగతులు అడగండి. కొత్త భాగానికి వారంటీ ఇవాళ్టినుంచా, పాత గడువులో మిగిలినంతేనా? ఎక్కువ కార్డుల్లో మిగిలినంతే ఉంటుంది. కూలి ఎంత? వాళ్ల బిగింపు లోటే అయితే కూలి అడగడం న్యాయం కాదు, ఆ మాట అనండి. మళ్లీ ఎప్పుడు బిగించడానికి తేవాలి? మార్చిన తేదీ, ఈ తేదీ రెండూ బిల్లు వెనక రాయించి ముద్ర వేయించుకోండి. పాత భాగం షాపువాళ్లు ఉంచేసుకుంటారు, కంపెనీకి చూపించాలి కాబట్టి అది మామూలే. దెబ్బలు తగిలి కేసు వేసే ఆలోచన ఉంటే మాత్రం దాన్ని ఇవ్వకండి.